టైల్‌కీ టైల్‌కీ మధ్య రెండు మిల్లీమీటర్లు

పోయిన నెల కొంపల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. పాలు పొంగించడం అయిపోయింది, భోజనాలకి ఇంకా టైముంది. వచ్చినవాళ్ళంతా ఇల్లు చూడడం మొదలుపెట్టారు. హాల్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: “అబ్బ, ఒక్క గీత కూడా కనపడట్లేదు!” నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ ఒకదానికొకటి ఆనించి పరిచారు. కిటికీలోంచి వెలుతురు పడితే హాలంతా నిజంగానే ఒకే రాయిలా ఉంది. ఆ ఇంటాయన ముఖంలో సంతోషం చూసి నేను నోరు మెదపలేదు. కొత్తింట్లో, పూజ రోజున, నేల గురించి చెడు మాట అనడం పద్ధతి కాదు. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే మాట ఖమ్మంలో మా ఇంటి గురించి కూడా అన్నారు. అప్పుడు మేమూ పొంగిపోయాం.

ఇప్పుడు మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి టైల్స్ పని నడుస్తోంది. టైల్స్ మధ్య సందు వదిలి గ్రౌట్ (ఆ సందుల్లో నింపితే గట్టిపడే మిశ్రమం) నింపాలా, సందు లేకుండా ఆనించి వేసెయ్యాలా అని మేస్త్రితో, అమ్మతో, బాబాయ్‌తో రెండు వారాలుగా వాదిస్తూనే ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సందు వదలాల్సిందే. దాన్ని వైట్ సిమెంటుతో కాకుండా అసలైన గ్రౌట్‌తో నింపాలి. గోడల పక్కన ఇంకా ఎక్కువ చోటు వదలాలి. ఇదంతా ఒక్కరోజులో తేలిన సంగతి కాదు. మధ్యలో రెండుసార్లు నా మనసు సందు వద్దనే వైపు మొగ్గింది కూడా.

ఖమ్మంలో ఆ రాత్రి

2012లో నాన్న రిటైరయ్యాక పాతింటి మీద పై అంతస్తు వేశారు. స్లాబ్ వేసిన నాలుగో నెలలోనే టైల్స్ పరిచేశారు. రెండడుగుల టైల్స్, సందు లేకుండా, గోడ నుంచి గోడ దాకా బిగించి. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. ఏడేళ్ళు ఏమీ కాలేదు.

ఏడో ఏడు డిసెంబరులో, ఒక రాత్రి పదిన్నరకి, నాన్న టీవీ కట్టేసి లేవబోతుండగా ఠప్పుమని శబ్దం వచ్చింది. పక్కనే లక్ష్మీ బాంబు పేలినట్టు. అమ్మ ముందు వంటింట్లోకి పరిగెత్తింది, గ్యాస్ సిలిండర్ అనుకుని. నాన్న భూకంపం అనుకున్నారు. తీరా చూస్తే హాలు మధ్యలో రెండు వరుసల టైల్స్ ఎదురెదురుగా లేచి నిలబడ్డాయి. పూరింటి కప్పులా అటూ ఇటూ వాలుగా, మధ్యలో వెన్ను. అంచులు పెచ్చులూడి కత్తుల్లా ఉన్నాయి. ఇంకా పడుకోలేదు కాబట్టి సరిపోయింది. లైట్లార్పాక మంచినీళ్ళకని చీకట్లో లేచి ఉంటే కాళ్ళు కోసుకునేవి. అంతకుముందు రెండు రోజులుగా నేలలో ఎక్కడో టిక్ టిక్ అని వినిపిస్తోందని అమ్మ చెబుతూనే ఉందట. బల్లి అనుకున్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఇంట్లో రకరకాల మాటలు నడుస్తున్నాయి. ఒకరు వాస్తు దోషమన్నారు. ఒకరు టైల్స్ నాసిరకం అన్నారు. బీరువా బరువన్నారు మరొకరు, బీరువా వేరే గదిలో ఉన్నా సరే. నేను లేచిన టైల్ ఒకటి తీసి తిప్పి చూశాను. వెనకవైపు కడిగినట్టు శుభ్రంగా ఉంది. గీతల డిజైను, కంపెనీ అచ్చు అక్షరాలు అన్నీ చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. కింద మాలు (ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద) మీద అవే అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి పడి ఉన్నాయి. ఏడేళ్ళు ఆ టైల్ మాలు మీద కూర్చుని ఉంది తప్ప, అతుక్కుని లేదు.

అదొక తప్పు. విట్రిఫైడ్ టైల్, అంటే బాగా వేడిలో కాల్చి గాజులా గట్టిపరిచినది, నీళ్ళు దాదాపు పీల్చదు. దానికి సిమెంటు పాలు పోసి వేస్తే పట్టు సరిగా దొరకదు. పాతకాలం సిరామిక్ టైల్స్‌ని తొట్లో నానబెట్టి వేసేవాళ్ళు, ఆ అలవాటు కొద్దీ విట్రిఫైడ్‌ని కూడా నానబెట్టే మేస్త్రులు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. రెండో తప్పు, అది కదలడానికి ఎక్కడా చోటు లేకపోవడం. స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) ఊడదీసి చూస్తే గోడకీ టైల్‌కీ మధ్య మాలు కూరి ఉంది, వేలి గోరు కూడా దూరదు.

ఎందుకు కదులుతుందని అడగొచ్చు. నేల అంటే కదలనిదనే కదా మన లెక్క. కానీ కాంక్రీటు ఆరుతున్న కొద్దీ ఏళ్ళ తరబడి కుంచించుకుపోతుంది. మన ఇంజినీర్లు లెక్కకి వాడే ఐఎస్ 456:2000 ప్రమాణంలో ఆ కుంచింపుని పొడవులో 0.0003 వంతుగా తీసుకోవచ్చని ఉంది. అంటే ఆరు మీటర్ల హాలుకి 1.8 మిల్లీమీటర్లు. టైల్స్ వేసేలోపే అందులో సగం అయిపోయిందనుకున్నా మిగిలింది దాదాపు ఒక మిల్లీమీటరు. టైల్ మాత్రం కుంచించుకోదు.  ఇక చలి సంగతి. కాంక్రీటు సాధారణంగా టైల్ కన్నా కాస్త ఎక్కువ ముడుచుకుంటుంది. కింద స్లాబ్ ముడుచుకుంటోంది, పైన టైల్స్ వరుసగా భుజం భుజం ఆనించి నిలబడ్డాయి. పక్కకి పోవడానికి దారి లేదు, కింద పట్టు లేదు. ఇక మిగిలింది పైకి లేవడమే. 2018 జనవరిలో సింగపూర్‌లో కొన్ని రోజులు చలి పడితే ఎన్నో ఫ్లాట్లలో ఇలాగే టైల్స్ లేచిపోయాయని వార్తలొచ్చాయి. అక్కడి చలి అంటే ఇరవై ఒకటి, ఇరవై రెండు డిగ్రీలు. ఆ వార్త చదివినప్పుడు మాకేంటిలే అనుకున్నాను. మరుసటేడే మా ఇంట్లో జరిగింది.

గచ్చు నుంచి వచ్చిన కళ్ళు

గీత లేకపోతే అందం అని మనకెందుకు అనిపిస్తుంది? నేను చాలా ఆలోచించాను. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఎర్ర గచ్చు ఉండేది. గోడ నుంచి గోడకి ఒకటే ముక్క. తడిబట్ట పెట్టి, పైన కొబ్బరినూనె చుక్కలు వేసి రుద్దితే ముఖం కనపడేది. మధ్యాహ్నం దాని మీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్ళం. మనలో చాలామందికి నేల అంటే మొదటి జ్ఞాపకం అదే. గీతల్లేని నేల మీద మోజు ఫోటోలు చూసి పుట్టిందే కాదు, అది గచ్చు మీద ప్రేమ కూడా.

అయితే ఆ గచ్చుకి పగుళ్ళుండేవి. దేవుడి గది గుమ్మం దగ్గర మొదలై, హాలు మధ్యదాకా కొమ్మలు కొమ్మలుగా పోయిన పగులు నాకు ఇప్పటికీ గుర్తే. అందులో చీమలు బారులు తీరేవి. అమ్మమ్మ ఏటా సంక్రాంతికి ముందు సిమెంటులో ఎర్రరంగు కలిపి పూయించేది, ఉగాది నాటికి మళ్ళీ విచ్చుకునేది. ఒకటే ముక్కగా పోసిన నేల తనకి కావలసిన గీత తనే గీసుకుంది.

ఆ తర్వాత మొజాయిక్ వచ్చింది. మొజాయిక్ వేసిన మేస్త్రులు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. నేలని గళ్ళు గళ్ళుగా విడగొట్టి, మధ్యలో గాజు పట్టీలు నిలబెట్టి, ఒక్కో గడిలో విడిగా పోశారు. చిన్నప్పుడు ఆ పట్టీల మీద కాలు పడకుండా నడిచే ఆట ఆడుకున్నాం. అవి డిజైన్ కోసమే అనుకునేదాన్ని. పగులు వస్తే ఆ పట్టీ దగ్గరే ఆగాలని పెట్టారని టైల్స్ గొడవలో పడ్డాకే అర్థమైంది. ఇక తాండూరు రాయి, షాబాద్ రాయి, బేతంచెర్ల రాయి పరిచిన ఇళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. రాయికీ రాయికీ మధ్య వేలెడు సందు, దాన్ని సిమెంటుతో నింపి తాపీతో నున్నగా తీర్చడం ఆ పనిలో భాగం. ఆ గీతలు చూసి ముఖం చిట్లించినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. గీతల ప్రకారమే ఇంట్లో ముగ్గు పెట్టేవాళ్ళు.

అంటే మన పాత మేస్త్రులందరికీ ఈ సంగతి తెలుసు. నేల ఎక్కడో ఒకచోట విడుతుంది. ఆ చోటేదో మనమే ముందు చూసి పెట్టాలి. టైల్ అంచు పగిలితే ఆ టైల్ తీసెయ్యాల్సిందే, పదేళ్ళ తర్వాత అదే రంగు టైల్ ఏ షాపులోనూ దొరకదు. గ్రౌట్ గీత చిట్లితే గీకి మళ్ళీ నింపుకుంటే అయిపోతుంది, ఒక పూట పని. నాకు ఈ వాదం ఇక్కడే తేలిపోయింది. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే సందేహాలే.

మేస్త్రి ఏమన్నాడంటే

మా మేస్త్రికి నేను స్పేసర్ల కవరు ఇచ్చినప్పుడు, తెల్లటి ప్లస్ గుర్తుల్లా ఉండే ప్లాస్టిక్ ముక్కలవి, ఆయన తీసుకుని మర్యాదగా కిటికీ గట్టు మీద పెట్టాడు. “మేడమ్, ఇప్పుడివన్నీ ఎవరూ పెట్టట్లేదు. మీవి రెక్టిఫైడ్ టైల్స్, అంచులు మెషిన్ కటింగు. వీటికి గ్యాప్ అక్కర్లేదు. పెడితే గీతలు కనిపిస్తాయి, తర్వాత మీరే నన్నంటారు.”

ఆయన మాటల్లో చివరిది నిజం. గీత నల్లబడితే ఇంటివాళ్ళు తిట్టేది మేస్త్రినే. టైల్స్ లేస్తే మాత్రం ఏడేళ్ళ తర్వాత ఆయన ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. ఆయన జాగ్రత్త ఆయనది. నేను తప్పుపట్టను. పైగా గ్రౌట్ అంటే ఇంకో రోజు పని, మోకాళ్ళ మీద కూర్చుని గీత గీతకీ నింపి, ఆరేలోపు స్పాంజితో తుడిచి, మళ్ళీ తుడిచి. చదరపు అడుగుకి మాట్లాడుకున్న కూలి మాత్రం మారదు. ఈసారి గ్రౌటింగ్‌కి విడిగా కూలి ఇస్తానని ముందే చెప్పాను. ఆ ఒక్క మాటతో సగం వాదన తగ్గింది. మీరూ ముందే మాట్లాడుకోండి.

రెక్టిఫైడ్ గురించి ఆయన చెప్పింది మాత్రం సగమే సరైనది. కాల్చాక అంచులు కోసి సమం చేస్తారు కాబట్టి మూడు, నాలుగు మిల్లీమీటర్ల సందు అక్కర్లేదు, ఒకటిన్నరో రెండో చాలు. అంతవరకే. సందే వద్దని దానర్థం కాదు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన మా టైల్స్ అట్టపెట్టెల మీదే స్పేసర్ వాడమని బొమ్మతో సహా ఉంది. అది చూపిస్తే, “అన్ని పెట్టెల మీదా అదే ఉంటది మేడమ్” అన్నాడు.

వారం మధ్యలో నేను ఆఫీసుకి పోయిన రోజు ఆయన చిన్న బెడ్‌రూమ్ మొదలుపెట్టాడు, సందు లేకుండానే. సాయంత్రం వెళ్ళేసరికి ఐదు వరుసలు అయ్యాయి, ఆరో వరుసలో ఆగిపోయి బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. నాలుగు మూలలు కలవాల్సిన చోట కలవడం లేదు. రబ్బరు సుత్తితో ఎంత తట్టినా ఒక మూల జరిగితే ఇంకో మూల పోతోంది. ఇద్దరం కలిసి రెండు పెట్టెల్లోంచి చెరొక టైల్ తీసి, వీపు వీపు ఆనించి నిలబెట్టాం. పై అంచు మీద వేలు జరిపితే మధ్యలో చిన్న మెట్టు గోటికి తగిలింది. ఎక్కువ కాదు, అర మిల్లీమీటరు ఉంటుందేమో. ఒక్క టైల్‌కి అర మిల్లీమీటరు అంటే ఏమీ కాదు. కానీ సందు లేని నేలలో దాన్ని సర్దడానికి చోటెక్కడ? వరుస తర్వాత వరుస అది పెరుగుతూనే పోతుంది. పది టైల్స్ దాటేసరికి అది ఐదు మిల్లీమీటర్లు. సందు ఉంటే ఒకచోట పిసరంత ఎక్కువ, ఒకచోట తక్కువ వదిలి సర్దేస్తారు, కంటికి ఆనదు.

ఆయనే లేచి కిటికీ గట్టు మీది కవరు తీశాడు. నేనేమీ అనలేదు. ఆ ఐదు వరుసలు ఊడదీయించాం. కింద వేసింది ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి టైల్స్ దక్కాయి.

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది. వీడియో కాల్‌లో ఇదంతా చెబితే దానికి వాదన ఏమిటో కూడా అర్థం కాలేదు. అక్కడ గ్రౌట్ లేకుండా వేయమంటే కాంట్రాక్టరే ఒప్పుకోడట. అమెరికా టైల్ పని ప్రమాణాల్లో సందు అంగుళంలో పదహారో వంతుకి తగ్గకూడదని ఉంది, మన లెక్కలో 1.6 మిల్లీమీటర్లు. టైల్స్ సైజుల్లో తేడా ఎంత ఉంటే దానికి కనీసం మూడు రెట్లు సందు ఉండాలన్నది ఇంకో నియమం. అర మిల్లీమీటరు తేడా ఉన్న మా పెట్టెలకి ఈ లెక్క వేసుకుంటే ఒకటిన్నర. ఎక్కడ రాసినా లెక్క ఒకటే వస్తోంది. అయినా మా చెల్లి, “మీ హైదరాబాద్ ఇళ్ళలో గీతల్లేకుండా ఎంత బాగుంటుందే” అంది ఫోన్ పెట్టేసే ముందు. దానికీ అమ్మమ్మ ఇంటి గచ్చు గుర్తే మరి.

బాబాయ్ అడిగిన ప్రశ్న

నేను తడబడింది బాబాయ్ దగ్గర. ఆయన కాజీపేటలో రైల్వే ట్రాక్ పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఎండకి పట్టాలు సాగుతాయని వాటి మధ్య సందు వదిలేవాళ్ళు కదా బాబాయ్, టైల్స్ కూడా అంతే అని నేను చెప్పబోతే, ఆయన నవ్వి, “అమ్మాయ్, అది మా కాలం మొదట్లో సంగతి. ఇప్పుడు పట్టాలు దాదాపు అన్నీ వెల్డింగే. కిలోమీటర్ల పొడవున సందే లేదు. మరి అవి లేవట్లేదే?” అన్నారు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆయన చెప్పింది నిజం. ఇప్పుడు రైలెక్కితే ఆ టకటక శబ్దం లేనిది అందుకే. మరి ఇనుముకి అక్కర్లేని సందు టైల్‌కి ఎందుకు?

మర్నాడు ఆయనకే ఫోన్ చేసి అడిగాను, అవి లేవకుండా పట్టి ఉంచేదేమిటని. ఆయన ఇష్టంగా చెప్పారు. కాంక్రీటు స్లీపర్లు, ప్రతి స్లీపర్‌కీ క్లిప్పులు, చుట్టూ కంకర. పట్టా సాగాలని చూస్తుంది, కానీ అడుగడుక్కీ దాన్ని కింద బిగించి పట్టుకుంటారు. బిగించేటప్పుడు కూడా ఏ వేడిలో బిగించాలో లెక్క ఉంటుంది. పొడవాటి వెల్డింగు ముక్క చివర్లలో మళ్ళీ కదలడానికి ప్రత్యేకమైన జాయింటు ఉంటుంది. ఇవన్నీ సరిగా లేకపోతే మండువేసవిలో పట్టా పక్కకి వంకరపోతుంది, అందుకే ఎండాకాలం మధ్యాహ్నాలు గ్యాంగ్‌మన్లు ట్రాక్ వెంట నడుస్తారు.

నాకు కావలసిన జవాబు అందులోనే ఉంది. సందు తీసేశాక కింది పట్టు వందకి వంద ఉండాలి, చివర్లో చోటుండాలి, చూసుకునేవాళ్ళు ఉండాలి. మన ఇళ్ళలో నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద మాలు పెట్టి టైల్ వేస్తాం. రూపాయి బిళ్ళతో తడితే సగం డొల్లగా మోగుతుంది. చివర్లలో గోడకి బిగించేస్తాం. పట్టాల మీద రైల్వేవాళ్ళు పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా మన నేల మీద పెట్టడం లేదు.

బాబాయ్ అక్కడితో వదల్లేదు. “సరే, గ్రౌట్ కూడా గట్టిపడి రాయే అవుతుంది కదా. అది నలిగి చోటిస్తుందా?” ఇది ఇంకా మంచి ప్రశ్న. నిజాయితీగా చెప్పాలంటే, పెద్దగా ఇవ్వదు. సిమెంటు గ్రౌట్ టైల్ కన్నా మెత్తనిదే, వొత్తిడి వస్తే ముందు అదే చిట్లుతుంది, టైల్ అంచుని కాపాడుతుంది. రెండడుగుల టైల్స్ అయితే ఆరు మీటర్లలో తొమ్మిది గీతలు, రెండేసి మిల్లీమీటర్లు, మొత్తం పద్ధెనిమిది మిల్లీమీటర్ల మెత్తటి చోటు. ఆనించి వేస్తే సున్నా. కానీ అసలు కదలికంతా గ్రౌటే మోస్తుందనుకోకూడదు. దానికి గోడ చుట్టూ వదిలే చోటు ఉండాలి, ఎనిమిది, పది మిల్లీమీటర్లు, మాలు పడకుండా ఖాళీగా. పైన స్కర్టింగ్ వస్తుంది కాబట్టి బయటికి కనపడదు కూడా. పెద్ద హాలైతే ఇరవై, పాతిక అడుగులకి ఒకచోట, ఎండ పడే బాల్కనీ, డాబాల్లో అయితే ఎనిమిది నుంచి పన్నెండు అడుగులకి ఒకచోట, గ్రౌట్ బదులు రబ్బరులా సాగే సీలెంట్ నింపాలి.

ఇది తెలిశాక కొంపల్లి ఇంటి గురించి నా భయం కాస్త తగ్గింది. సందు లేకుండా వేసినవన్నీ లేచిపోతాయని నేననను. మా ఖమ్మం ఇంటి ఎదురింట్లో పదిహేనేళ్ళుగా అలాగే ఉంది, చెక్కు చెదరలేదు. చిన్న గదులు, పాత స్లాబ్, గోడల పక్కన ఆ మేస్త్రి తెలిసో తెలియకో చోటు వదిలి ఉంటాడు. “సందూ గోడచోటూ రెండిట్లో ఒక్కటే దొరుకుతుందంటే ఏది తీసుకుంటావ్?” అని బాబాయ్ అడిగితే గోడచోటే అన్నాను. కానీ రెండూ దొరుకుతున్నప్పుడు ఒకటి ఎందుకు వదులుకోవాలి?

ఇంకో మాట. ఆనించిన టైల్స్ మధ్య గీత లేదనుకుంటాం గానీ, వెంట్రుకంత సందు ఎలాగూ ఉంటుంది. తడిబట్ట నీళ్ళు అందులోకి దిగుతాయి, మురికి దిగుతుంది, బ్రష్ దిగదు. రెండేళ్ళకి ఆ సన్నటి నల్ల గీత తేలుతుంది, దాన్ని ఏమీ చేయలేం. బాత్రూముల్లో అయితే ఆ నీళ్ళే కిందకి పోతాయి. గ్రౌట్ ఉన్నంత మాత్రాన లీకేజీ ఆగదు, దానికి టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ వేరే చేయించాల్సిందే. ఇది కూడా కలిపి చెప్పకపోతే నా వాదన సగమే అవుతుంది.

అమ్మ వంటిల్లు

మేస్త్రిని, బాబాయ్‌ని ఒప్పించడం కన్నా అమ్మని ఒప్పించడం కష్టమైంది. ఆమె మాటలో నాకు తెలిసిన కష్టముంది. ఖమ్మం వంటింట్లో మాత్రం చిన్న టైల్స్, సందులతో వేశారు. స్టవ్ ముందు ఆ సందులు ఆరు నెలల్లో నల్లబడ్డాయి, పోపు నూనె, పసుపు, జిడ్డు. అమ్మ పాత టూత్‌బ్రష్, సర్ఫ్ పెట్టుకుని, చిన్న పీట వేసుకుని గీత గీతకీ రుద్దడం నేను ఎన్నో ఆదివారాలు చూశాను. తర్వాత మోకాళ్ళు పట్టేసి రెండు రోజులు మెట్లు దిగేది కాదు. “హాల్లో లేచిన టైల్స్ ఒక్కరోజు బాధ. ఈ గీతలు రోజూ బాధ” అంది. దీనికి నా దగ్గర చప్పున జవాబు లేదు.

మా ఫ్లాట్‌లో వెయ్యి చదరపు అడుగుల నేలకి గీతల పొడవు లెక్కేస్తే దాదాపు 310 మీటర్లు వచ్చింది. అవన్నీ కలిపినా విస్తీర్ణంలో ఏడు చదరపు అడుగులు కూడా ఉండవు, నూటికి ఒక వంతు కన్నా తక్కువ. కానీ తుడిచే మనిషికి విస్తీర్ణం లెక్క కాదు, పొడవే లెక్క. గీత వద్దని అనే ఆడవాళ్ళని తెలియనివాళ్ళుగా కొట్టిపారేయడం తప్పు. వాళ్ళు అనుభవంతోనే అంటున్నారు.

అయితే అమ్మ రుద్దిన ఆ గీతల్లో ఉన్నది గ్రౌట్ కాదు, వైట్ సిమెంట్. మన దగ్గర ఈ రెండూ ఒకటే అనుకుంటారు. వైట్ సిమెంట్ ఆరాక కుంచించుకుని సన్నగా చిట్లుతుంది, పొడి పొడిగా రాలుతుంది, గరుకుగా ఉండి నూనెని పీల్చుకుంటుంది. పైగా బాత్రూమ్ యాసిడ్‌తో కడిగేవాళ్ళం, యాసిడ్ సిమెంటుని తినేస్తుంది. తెల్ల రంగు ఎంచుకోవడం మరో పొరపాటు. ఇన్ని తప్పులు మేం చేసి నింద గీత మీద వేశాం.

ఈసారి హాలుకీ, బెడ్‌రూములకీ పాలిమర్ కలిసిన సిమెంటు గ్రౌట్, టైల్ కన్నా ఒక షేడ్ ముదురుగా, లేత బూడిద రంగు. వెయ్యి అడుగులకి తొమ్మిది, పది కిలోలు చాలు, మొత్తం ఇంటి ఖర్చులో అదో లెక్క కాదు. వంటింటికీ బాత్రూములకీ ఎపాక్సీ అనుకున్నాను. రెండు డబ్బాల్లోని రెజిన్, హార్డెనర్, దానికి పొడి కలిపి నింపేది. ఖరీదు చాలా రెట్లు ఎక్కువ. కలిపాక గబగబా పని ముగించాలి, టైల్ మీద పడింది తుడవడం ఆలస్యమైతే మసక పొర ఉండిపోతుంది, అందుకే అలవాటున్న మనిషే చేయాలి. ఎండ తగిలే చోట పసుపుపచ్చబడుతుంది, కాబట్టి బాల్కనీకి వద్దు. టైల్స్ కింద సిమెంటు పాలు బదులు అడెసివ్, అంటే టైల్స్ అతికించే జిగురు. బస్తా మీద ఐఎస్ 15477 అని, టైప్ 2 అని చూసి తీసుకున్నాం. టైల్ వేశాక వెంటనే ఒకటి పైకెత్తి చూడమన్నాను, వెనకంతా నిండుగా అంటుకుందా లేదా అని. మొదటిసారి మూలలు ఖాళీగా వచ్చాయి. రెండోసారి నిండింది.

అమ్మ మాటలతో నమ్మే మనిషి కాదు. అందుకని పోయిన శుక్రవారం విరిగిన టైల్ ముక్కలు మూడు తీసుకుని, చెక్క మీద అతికించి, ఒక సందులో సిమెంటు గ్రౌట్, ఇంకో సందులో ఎపాక్సీ నింపించాను. నాలుగు రోజులు ఆరనిచ్చి అమ్మ ముందు పెట్టాను. ఆమె ఒక్క క్షణం చూసి, లోపలికెళ్ళి, పసుపు, కారం, కాగిన నూనె కలిపి చెంచాతో రెండు గీతల మీదా పోసింది. పోపు చిట్లినట్టే ఉండాలని కాస్త వేడిగానే పోసింది. రెండు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నిన్న సాయంత్రం తనే తడిబట్ట, కాస్త సబ్బు తీసుకుని తుడిచింది. సిమెంటు గీత పసుపు రంగు పట్టేసింది, ఎంత రుద్దినా పోలేదు. ఎపాక్సీ గీత దాదాపు మొదటి రంగుకే వచ్చింది, బాగా వంగి చూస్తే లేత పసుపు ఛాయ కనిపించింది. అమ్మ ఆ గీత మీద గోటితో రెండుసార్లు గీసి చూసింది. పొడి రాలలేదు.

“హాల్లో నీ ఇష్టం వచ్చినట్టు వేయించుకో,” అంది. “వంటింట్లో మాత్రం ఈ రెండోదే వేయించు. తెల్లది కాదు, ఇంకొంచెం ముదురు రంగు.”

మేస్త్రికి ఫోన్ చేశాను. సోమవారం వంటిల్లు మొదలుపెడతానన్నాడు. గోడ పక్కన పెట్టడానికి పది మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు కోసి ఉంచమన్నాడు, తనే అడిగాడు.